భ్రమరాంబగారి స్వరాలు

నేను కంప్యూటర్ మాస్టారిని. పేరు స్టీఫెన్. అమలాపురంలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటిరోజు బోర్డు మీద ఒక ముక్క రాస్తాను. "ముందు కాపీ తీసుకో, తర్వాత చెయ్యి పెట్టు." అది రాయకుండా పాఠం మొదలుపెట్టను. ఎవడైనా పాటించకపోతే నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాణ్ణి కూడా. అలాంటి పెద్దమనిషిని, భ్రమరాంబగారి పదకొండేళ్ల కష్టాన్ని ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపెట్టాను. ఆవిడ గురించి రాయమని నా భార్య శాంతి రెండేళ్లుగా పోరుతోంది. రాస్తే ఈ సంగతి మొదటే రాయాలి. చివరిదాకా దాచి చెప్పడానికి నాకు సిగ్గు.

ఆవిడది ముక్తేశ్వరం దగ్గర చిన్న అగ్రహారం. తండ్రి సూర్యనారాయణమూర్తి ఘనపాఠిగారు, వేదపండితులు. ఇరవై ఆరో ఏట భర్త పోతే భ్రమరాంబగారు పుట్టింటికి వచ్చేశారు. తల్లి అప్పటికే లేదు, అన్నదమ్ములు అసలే లేరు. పొద్దున లేస్తే ఇంట్లో ఆవిడ, తండ్రి, ఆయన గొంతు.

నాకు తరువాత తెలిసిన సంగతి చెబుతాను. వేదంలో అధ్యాయాల్ని వాళ్లు ఎనభై రెండు పన్నాలు అంటారే, అవి అచ్చులో దొరుకుతాయి, నేర్చినవాళ్లూ ఉన్నారు. అవి కాక ఘనపాఠిగారి ఇంట్లో మాత్రమే నడిచిన పాఠం ఒకటుంది. మూడు వందల నలభై ఖండికలు. ఏడు తరాలుగా తండ్రి నోటి నుంచి కొడుకు చెవికి వచ్చింది. ఎనిమిదో తరంలో కొడుకు లేడు, కూతురుంది. కూతురికి చెప్పరు. శిష్యుల్లో ఉదయభాస్కర్ అనే ఆయన ఒక్కరే ఆ పాఠం మొదలుపెట్టి, నూట అరవయ్యో ఖండిక దాకా వచ్చి, ఉత్తరాన ఏదో దేవస్థానంలో ఉద్యోగం దొరికితే వెళ్లిపోయారు. మిగతా నూట ఎనభై ఈ భూమ్మీద ఒక్క ముసలాయన దగ్గరే ఉండిపోయాయి.

రికార్డు చెయ్యొచ్చుగా అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదట. యంత్రానికి మైల లేదు, వేళ లేదు, ఎవడు మీట నొక్కితే వాడి ముందు వాగుతుంది, దాని నోట్లో వేదం పెట్టనన్నారట.

అప్పుడు భ్రమరాంబగారు ముక్తేశ్వరంలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సులో చేరారు. ఆవిడకి నలభై దాటాయి. పక్కన కూర్చున్న పిల్లలు "ఆంటీ, ఆంటీ" అని ఆటపట్టించేవారట. అక్కడ ఆవిడకి బాగా పట్టుబడింది డేటాబేసు ఒక్కటే గనక, ఇంటికి వచ్చి పాత కంప్యూటర్ ఒకటి కొని డేటాబేసులోనే మొదలుపెట్టారు. ఖండికకో వరుస. రామచంద్రపురంలో పెళ్లిపత్రికలు, పంచాంగాలు వేసే ప్రెస్సాయన ఒక తెలుగు ఫాంటు ఇచ్చి, ఆవిడ అడిగిన గీతలు అందులో గీసి పెట్టాడు.

ఘనపాఠిగారు పొద్దున్నే అరుగు మీద కూర్చుని పారాయణ చేసుకునేవారు. కిటికీకి లోపల కూతురు టైపు చేసేది. ఆయన ఆవిడకి చెప్పలేదు, ఆయన పారాయణ ఆయన చేసుకున్నారు. ఆవిడ నేర్చుకోలేదు, ఇంటి పని చేసుకుంటోంది. అంతే. అయితే రెండో నెల నుంచి ఆయన ప్రతి ఖండికా రెండేసిసార్లు చెప్పడం మొదలుపెట్టారు, అదీ నిదానంగా. ఆవిడ సాయంత్రం కాగితం మీద ప్రింటు తీసి పంచాంగం కింద పెట్టేది. మర్నాడు పూజయ్యాక చూస్తే తప్పున్నచోట గంధం చుక్క ఉండేది. ఆవిడ దిద్దుకుని మళ్లీ పెట్టేది. చుక్కలు లేకుండా తిరిగొస్తే ఆ ఖండిక అయినట్టు. పదకొండేళ్లు తండ్రీకూతుళ్లు దీని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు.

మరి ఆ కాగితాలైనా ఉండాలిగా! లేవు. మంత్రం ఉన్న కాగితం చింపకూడదు, కాళ్ల కింద పడకూడదు, పాత పేపర్లవాడికి వెయ్యకూడదు. సరిచూడటం అయిపోగానే పసుపు గుడ్డలో మూటగట్టి కాలవలో నిమజ్జనం చేసేసేవారు. పద్ధతి ప్రకారం, భక్తిగా, ఒక్కటి కూడా మిగలకుండా.

కరోనా రెండో వేవ్‌లో ఘనపాఠిగారు పోయారు.

మరుసటి ఏడు, వేదపాఠాలు సేకరించి భద్రపరిచే ఒక సంస్థ నుంచి ఆవిడకి ఉత్తరం వచ్చింది. వాళ్లకి డేటా యూనికోడ్‌లో, ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా కావాలట. ఎక్స్‌ఎంఎల్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రతి ముక్కకీ ముందూ వెనకా ఇది ఫలానా అని చీటీ కట్టి, ఏ యంత్రమైనా చదువుకునేలా చెయ్యడం. ఎవరో నా పేరు చెప్పారు. ఆవిడ కంప్యూటర్ పెట్టెని దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకుని వచ్చారు. దీన్ని నాన్నగారి పాఠంగా నలుగురి ముందుకీ పంపాలండి, ఇంక నాకే కోరికా లేదండి అన్నారు. మా తాతని ఆ అగ్రహారం వీధిలోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఘనపాఠిగారి కూతురు నా గుమ్మంలో చేతులు జోడించి నిలబడింది. అబద్ధమెందుకు, నాకు కాస్త గర్వంగానే అనిపించింది. ఆవిడ దగ్గర పైసా పుచ్చుకోకూడదని కూడా అప్పుడే అనుకున్నాను.

ఆవిడ డిస్కు కీచుమంటోంది. దాన్ని ఊడదీసి నా మిషన్‌కి తగిలించి డేటా తెరిచాను. పాత ఫాంట్ల సంగతి నాకు కొట్టిన పిండి. యంత్రంలో అక్షరం ఉండదు, అంకె ఉంటుంది. పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెల మీదే తెలుగు ముక్కలు అతికించారు. ఆ అంకెల్ని ప్రపంచమంతా ఒప్పుకున్న యూనికోడ్ అంకెల్లోకి మార్చే పట్టిక నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. మార్చాను. ఎక్స్‌ఎంఎల్‌కి ఎక్స్‌పోర్ట్ కొట్టాను. మొదటి వరుసలోనే ఆగిపోయింది. చెల్లని అక్షరం ఉందంటుంది. చూస్తే తెలుగు మధ్యలో ఎక్కడపడితే అక్కడ డబ్బాలు. ముప్పై రెండు లోపు అంకెలవి. ఆ అంకెలు అక్షరాలకి కాదు, వరుస ముగిసింది, పేజీ ముగిసింది అని యంత్రానికి సైగలు చెయ్యడానికి. ఎక్స్‌ఎంఎల్ వాటిలో రెండు మూడింటిని తప్ప గుమ్మం తొక్కనివ్వదు. పాడైపోతున్న డిస్కు గనక చెత్త చేరిందనుకున్నాను. చెల్లనివన్నీ తీసిపారెయ్యమని ఒక్క లైను రాసి కొట్టాను. నలభై వేల పైచిలుకు పోయాయి. అంత చెత్త ఎక్కడైనా ఉంటుందా అని ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఫైలు మంచినీళ్లలా బయటికొచ్చింది.

ఆ సంబరంలో ఆవిడకి ఇంకో ఉపకారం చేశాను. డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి, కొత్త విండోస్ వేసి, శుభ్రం చేసిన డేటా అందులో పెట్టి, దుమ్ము కూడా తుడిచి ఇచ్చాను. ఉచితంగా.

భ్రమరాంబగారు తెర ముందు కూర్చుని చాలాసేపు చూశారు. తెలుగు ముత్యాల్లా ఉంది. బాగుందా అండీ అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి చాలా మెల్లిగా అడిగారు.

"గీతలేవండీ, మాస్టారూ?"

ఏ గీతలండీ అన్నాను. ఆవిడ కాగితం తీసుకుని గీసి చూపించారు. అక్షరం కింద అడ్డగీత ఉంటే గొంతు దించాలి. పైన నిలువుగీత ఉంటే ఎత్తాలి. రెండు నిలువుగీతలుంటే ఎత్తి సాగదియ్యాలి. ప్రెస్సాయన ఫాంటులో చోటంతా తెలుగు ముక్కలకే సరిపోయి, ఈ గీతల్ని ముప్పై రెండు లోపు అంకెల్లో సర్దాడు. ఆవిడ కంప్యూటర్లో అవి గీతల్లా కనిపించేవి, నా దాంట్లో డబ్బాలయ్యాయి. స్వరం లేని వేదం ఉంటుందని ఆవిడకి తోచనే తోచలేదు, కాబట్టి చెప్పలేదు. స్వరం అనేది ఒకటుందని నాకు తెలియదు, కాబట్టి అడగలేదు. కానీ కాపీ తీసుకోవడానికి వేదం తెలియక్కర్లేదు కదా. నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

ఆ తరువాత చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. డిస్కుని హైదరాబాద్ పంపాను. నెల తరువాత మూడు ఖండికలు వచ్చాయి, అవీ ముక్కలుగా. ప్రెస్సాయన దగ్గరికి వెళితే ఫాంటు ఉంది గానీ డేటా ఆయన దగ్గరెందుకుంటుంది! పాఠం మొత్తం అక్షరాలున్నాయి, గొంతు లేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. నేను వారం రోజులు అన్నం సరిగా తినలేదు. శాంతి చూసి చూసి, మీరు ఏడుస్తూ కూర్చుంటే ఆవిడకి ఒరిగేదేంటి, ఆ స్వరాలు ఆవిడకి వచ్చేమో అడగండి అంది.

ఆ ముక్క నాకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

ముక్తేశ్వరం వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. మజ్జిగ తెచ్చి ఇచ్చారు. చిన్నప్పటి నుంచీ వింటున్నారు, పదకొండేళ్లు గీత గీతా పెట్టారు, మీకు వచ్చు కదండీ అని అడిగాను. ఆవిడ గడప లోపల నిలబడి నేల చూశారు. వచ్చునండి అన్నారు. ఆ మాట పైకి అనడం ఆవిడకి అదే మొదటిసారేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయితే మీరు చెప్పండి, నేను పెడతాను అన్నాను. నోటితో అననండి, నాన్నగారు ఉండగా అనలేదు, ఇప్పుడూ అనను, వేలితో చూపిస్తాను అన్నారు.

అలా మొదలైంది. మధ్యాహ్నాలు క్లాసులు లేని వేళ ఆవిడ బస్సెక్కి వచ్చేవారు, తాగే నీళ్లు సీసాలో తెచ్చుకుని. తెర మీద ఖండిక పెట్టేవాణ్ణి. ఒక్కో అక్షరం దగ్గర కర్సర్ ఆపితే ఆవిడ వేలు దించేవారు, ఎత్తేవారు, లేదా ఊరికే ఉంచేవారు. నేను గీత పెట్టేవాణ్ణి. ఈసారి సరైన చోట, స్వరాలకని యూనికోడ్‌లో విడిగా కేటాయించిన అంకెలతో, ఏ ఎక్స్‌ఎంఎల్ అయినా నోరు మూసుకుని ఒప్పుకునేలా. ఎనిమిది నెలలు. పెదవి కదపలేదు. ఎక్కడైనా అనుమానం వస్తే కళ్లు మూసుకుని కాసేపు వినేవారు. ఏం వినేవారో నాకు తెలియదు గానీ, తెరిచాక వేలు మళ్లీ తడబడేది కాదు. ఒకరోజు శాంతి నాకు క్యారేజీ తెచ్చి ఇచ్చి, ఇంటికి వచ్చాక అంది, ఆవిడ ఏడుస్తూనే వేలు కదుపుతోందండీ, మీరు చూస్తున్నారా అసలు అని. చూడలేదు. నేను తెర చూస్తున్నాను.

మూడు వందల నలభయ్యో ఖండిక అయిన రోజు ఎక్స్‌పోర్ట్ కొడితే ఒక్క ఎర్రర్ రాలేదు. ఫైల్లో ఒక గడి ఉంది, పాఠం ఎవరి వల్ల తెలిసింది అని. ఘనపాఠిగారి పేరు కొట్టబోయాను. జరిగింది వాళ్లకెందుకండీ, పదకొండేళ్లు ఆయన సరిచూసిందే కదా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "అవి పోయేయి కదండీ. ఇవి నేను పెట్టినవి. ఒక్కటి తప్పైనా ఆయన నెత్తిన పడకూడదు. నా పేరే వెయ్యండి," అన్నారు. జరిగిందంతా ఫైలుతో సంస్థకి పంపిన ఉత్తరంలో కూడా రాశారు, దాపరికం లేకుండా. నా పేరు మాత్రం రాయలేదు. డేటా పాడైంది అని ఊరుకున్నారు.

జవాబు చాలా మర్యాదగా వచ్చింది. గురుముఖతః నేర్చినవారు ఎవరైనా చూసి సంతకం చేస్తే తప్ప స్వరాలను స్వీకరించలేమట. కేవలం అక్షరాలైతే ఘనపాఠిగారి పేరిట ఉంచడానికి అభ్యంతరం లేదట. నేను ఆ ఉత్తరం చింపబోతే ఆవిడ తీసుకుని మడతపెట్టుకున్నారు. ఉదయభాస్కర్‌కి కబురు పెడతానన్నారు. ఇంక మిగిలింది ఆయన ఒక్కరే. నేర్చింది నూట అరవయ్యే అయినా, ఆయన సంతకం పెడితే పాఠం గొంతుతో బతుకుతుంది, లేకపోతే లేదు.

కార్తీకమాసం వెళ్లాక ఉదయభాస్కర్ వచ్చారు. నలభై అయిదేళ్ల మనిషి, నెమ్మదస్తుడు. భ్రమరాంబగారు నన్ను కూడా రమ్మన్నారు గనక వెళ్లి అరుగు మీద నా చోట నేను కూర్చున్నాను. ఆయన హాల్లో చాప మీద కూర్చుని ప్రింట్లు ఒక్కొక్కటే గొణుక్కుంటూ చూస్తున్నారు. భ్రమరాంబగారు వంటింటి గుమ్మంలో. నూరు ఖండికలు దాటాయి, ఆయన ఎక్కడా ఆగలేదు. ఇంటి పాఠం ఇంటి పాఠమేనండి అంటూ మురిసిపోతున్నారు. నూట నలభై మూడో ఖండిక దగ్గర ఆగి, ఇక్కడ ఎత్తారేమిటండీ, దించాలి కదా అన్నారు. ఆవిడ కాదని తలూపారు. ఆయన మళ్లీ చూసి, నాకు దించినట్టే గుర్తండీ, ఇలాగైతే సంతకం కష్టమండీ అన్నారు.

తరువాత లోపలి నుంచి గొంతు వినబడింది. ముందు బొంగురుగా, పల్చగా. అది భ్రమరాంబగారి గొంతని నాకు వెంటనే తెలియలేదు. నూట నలభై మూడు మొదటినుంచి అందుకున్నారు. తగాదా వచ్చిన చోటు దాటిపోయింది. దాటినా ఆపలేదు. నేను కిటికీలోంచి చూశాను. ఉదయభాస్కర్ చేతిలోంచి కాగితం జారిపోయింది. స్వరం దిగితే ఆయన తల దిగుతోంది, ఎక్కితే ఎక్కుతోంది. చిన్నప్పుడు గురువు తల మీద చెయ్యి వేసి వంచి నేర్పుతారట, అలా అలవాటైన తల. నూట అరవై అయింది, ఆయన నేర్చింది అక్కడితో సరి. ఆవిడ అక్కడా ఆపలేదు. ఆయన ఎన్నడూ వినని పాఠం అలా సాగుతూనే ఉంది. ఆయన చేతులు జోడించుకుని కూర్చున్నారు, కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. ఎంతసేపో నేను చూసుకోలేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

ఆవిడ ఆపాక ఉదయభాస్కర్ కండువాతో మొహం తుడుచుకున్నారు. కాగితాలన్నీ ఏరి వరుసగా సర్ది, రెండు చేతులతో గుమ్మం దగ్గర పెట్టారు.

"గురువుగారి పాఠమే అక్కయ్యగారూ. నాదే పొరపాటు. కానీ నేను వినలేదండి. మీరు అనలేదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. అరుగు మీంచే లేచి, నూట అరవై వరకైనా మీకు వచ్చు కదండీ, దానికైనా సంతకం పెట్టడానికి మీ చేతులు పడిపోయాయా అని అరిచాను. ఆయన నా మీద కోపం తెచ్చుకోలేదు. స్వరాలు ఎవరు పెట్టారని అడుగుతారండి, ఆవిడ పేరే ఉంది కదా, స్త్రీ దగ్గర విని సరిపెట్టుకున్నానని దేవస్థానంలో తెలిస్తే నన్ను పంక్తిలో కూర్చోనివ్వరండి, ఇద్దరు పిల్లలండి అన్నారు. నేను ఇంకా ఏదో అనబోతుంటే భ్రమరాంబగారు వద్దన్నట్టు నాకు వేలు చూపించారు. ఆయనతో, సరేలే నాయనా, ఎండెక్కింది, భోంచేసి వెళ్లు అన్నారు. ఆయన భోంచేసే వెళ్లారు.

మర్నాడు ఆవిడ నా దగ్గరికి వచ్చారు. గీతలు తీసేసి, నాన్నగారి పేరు వేసి పంపెయ్యమన్నారు. నేను చెయ్యనన్నాను. ఇంకో సంస్థకి రాద్దాం, పేపర్లో వేయిద్దాం, నేనే ఒక సైటు పెడతాను అన్నాను. ఆవిడ అన్నీ విన్నారు. ఎవరూ ఒప్పుకోని స్వరం పెట్టి నాన్నగారి పాఠాన్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యనండి, అక్షరాలైనా ఆయన పేరుతో ఉండనివ్వండి అన్నారు. నేను తీసేశాను. ఈసారి తెలిసి తీశాను. ఒక్కో ఖండికా మూగదైపోతుంటే ఆవిడ పక్కనే కూర్చుని చూశారు. ఫైలు వెళ్లిపోయింది. మూడో నిమిషంలోనే అందినట్టు జవాబు వచ్చింది.

అప్పుడు నేను ఆవిడ కాళ్ల మీద పడినంత పనిచేశాను. ఇదంతా నా వల్లేనండి, ఆ రోజు నేను కాస్త బుర్ర పెట్టి ఉంటే ఆయన సరిచూసిన పాఠం ఆయన పేరుతోనే వెళ్లేది, మీకీ గతి పట్టేది కాదు అన్నాను. ఆవిడ కాదనలేదు. సీసాకి మూత బిగించుకున్నారు.

"మీ మీద కోపం లేదని అబద్ధమాడను మాస్టారూ. ఉంది. పోయేదాకా ఉంటుంది," అన్నారు. "కానీ నాకేం వచ్చో నన్ను అడిగింది మీరొక్కరేనండి."

అని, రావులపాలెం బస్సు వచ్చే వేళైందని లేచి వెళ్లిపోయారు.